లైసెన్సు వచ్చిన మర్నాడు

ట్రాకు మీద ఎనిమిది తిప్పడం నిమిషాల్లో అయిపోతుంది. కురిచేడు రోడ్ల మీద, సాగర్ కాలువ వంతెనల దగ్గర, ఎదురు లైట్ల వెలుతురులో బండి నడపడం మాత్రం ఎవరూ నేర్పరు. అసలు లైసెన్సు ఏ రోజు నుంచి చెల్లుతుందో కూడా చాలా ఇళ్లలో తెలియదు.

టెస్టు పాసైన కుర్రాడు ఇంటికి ఒక్కడే వస్తాడు. కురిచేడులోనే కాదు, దొనకొండ, త్రిపురాంతకం, కంభం, గిద్దలూరు, ఎక్కడైనా ఇదే తంతు. పొద్దున వెళ్లేటప్పుడు బండి వెనక బాబాయో బావో కూర్చుని ఉంటాడు. కాలు కింద పెట్టకుండా ఎనిమిది తిప్పేసి, బ్రేకు ఇన్‌స్పెక్టరు తలూపాక, బాబాయికి పని అయిపోయినట్టే. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అని బోర్డు మీద ఎంత రాసినా మన పెద్దవాళ్లకు ఆయన బ్రేకు ఇన్‌స్పెక్టరే.) "పాసయ్యావుగా, ఇంక నేనెందుకు? నువ్వు పో, నేను సంతలో పని చూసుకొని బస్సుకొస్తా" అంటాడు. చట్టం లెక్కలో ఆ రోజు తప్పంటూ జరిగితే ఆ తిరుగు ప్రయాణంలోనే జరుగుతుంది.

పాసవడం వేరు, లైసెన్సు జారీ కావడం వేరు. ఇన్‌స్పెక్టరు ఫలితాన్ని నమోదు చేస్తారు. ఆ తర్వాత లైసెన్సు ఇచ్చే అధికారి ఆమోదం పడాలి. అప్పుడు నంబరు పుడుతుంది. దాని పక్కన జారీ తేదీ పడుతుంది. లైసెన్సుకు ప్రాణం వచ్చేది ఆ తేదీతోనే. అదే రోజు సాయంత్రానికే కావచ్చు, సెలవు అడ్డొస్తే ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఈలోపు కుర్రాడి దగ్గర ఉన్నది ఎల్‌ఎల్‌ఆరే, అంటే నేర్చుకునేవాడి లైసెన్సే, దాని షరతులే వర్తిస్తాయి. బండికి ముందూ వెనకా తెల్లటి అట్ట మీద ఎర్రటి ‘ఎల్’ ఉండాలి. ఆ అట్ట 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు, అక్షరం ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఇవి 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో రాసి ఉన్న కొలతలు. పక్కన, బండి అయితే వెనక, లైసెన్సు ఉండి నేర్పే మనిషి ఉండాలి. ఇన్‌స్పెక్టరు తలూపినంత మాత్రాన ఆ వెనక సీటు ఖాళీ చేయడానికి వీల్లేదు.

ఆ వెనక కూర్చున్న బాబాయి సంగతి కూడా కొంచెం చూడాలి. ఆయన లైసెన్సు ఎప్పుడో పాతికేళ్ల వయసులో తీసిందనుకోండి. పాత చట్టంలో మామూలు లైసెన్సు 20 ఏళ్లకో, 50వ ఏడు నిండేదాకానో, ఏది ముందయితే అప్పటివరకే చెల్లేది. అంటే ఆయనకు నలభై అయిదు వచ్చేసరికే ఆ కార్డు గడువు తీరిపోయి ఉంటుంది. బీరువాలో పట్టు చీర మడతల మధ్య భద్రంగా ఉన్నంత మాత్రాన అది లైసెన్సు కాదు. గడువు తీరిన బాబాయి వెనక కూర్చుంటే, చట్టం దృష్టిలో ఆ సీటులో ఎవరూ లేనట్టే.

దీనికి పూర్తిగా అటుచివర ఇంకో రకం ఇళ్లున్నాయి. అక్కడ కార్డు పోస్టులో వచ్చేదాకా బండి తాళం చేతికివ్వరు.

"మామా, కార్డింకా రాలా. బండి తియ్యనా, వద్దా?"

"ఫోన్లో నంబరు కనపడతాందా?"

"కనపడతాంది."

"తేదీ ఏం పడిందిరా?"

"నిన్నటిది."

"అయితే తియ్యి. ఆ హెల్మెట్టు చేతికి తగిలించుకోవడం కాదు, నెత్తిన పెట్టుకొని తియ్యి."

ఆ మామ చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట. 2018లో నియమాలు సవరించి, డిజిలాకర్‌లోనో ఎం-పరివాహన్‌లోనో ఉన్న లైసెన్సును అసలు కార్డుతో సమానంగా చూడాలన్నారు. 2023లో మన రాష్ట్ర రవాణా శాఖ ఏకంగా కార్డులు అచ్చేయడమే మానేసి, ఫోన్లో చూపితే చాలంది. ఒక్క జాగ్రత్త: ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫొటో, గ్యాలరీలో దాచుకున్న స్క్రీన్‌షాట్ ఈ లెక్కలోకి రావు. ఆ యాప్ తెరిచి అందులో చూపాలి. సిగ్నలు దొరకని పల్లెదారిలో తనిఖీ తగిలినప్పుడు ఈ తేడా తెలిసివస్తుంది.

ఎల్‌ఎల్‌ఆర్ తీసిన నాటి నుంచి కనీసం 30 రోజులు గడిస్తే గానీ టెస్టుకు వెళ్లడానికి లేదు. ఎల్‌ఎల్‌ఆర్ చెల్లేది ఆరు నెలలు. టెస్టు తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు, మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. ఇవి అందరికీ తెలిసినవే, ఏజెంటు అడగకుండానే చెబుతాడు. ఏజెంటు చెప్పనిది ఒకటుంది. లైసెన్సు మీద తేదీ ఒక్కటి కాదు. గేర్లున్న బండికి ఒక తేదీ, తేలికపాటి వాహనానికి ఒక తేదీ, విడివిడిగా ఉంటాయి. పోయినేడు బైకుకు తీసి, ఈ ఏడు కారు చేర్పించుకుంటే కారు లెక్క ఈ ఏటి నుంచే మొదలు. బైకు లైసెన్సు చూపించి ట్రాక్టరెక్కిన కుర్రాడు లైసెన్సు లేనివాడి కింద లెక్క.

ట్రాక్టరు దగ్గరే మన ప్రాంతంలో అసలు చిక్కు. మిర్చి కోతలు మొదలైతే, పత్తి తీతలు ముదిరితే ఇంట్లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లే డ్రైవరు. చట్టంలో 7,500 కిలోలు మించని ట్రాక్టరు తేలికపాటి మోటారు వాహనమే. ఆ తరగతి లైసెన్సున్నవారు అదే బరువు పరిమితిలో ఉన్న సరుకు వాహనాన్నీ నడపవచ్చా, వేరే అనుమతి కావాలా అన్న తగువు కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచింది. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం నడపవచ్చని తేల్చింది. మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్లే చిన్న ట్రాలీల వాళ్లందరికీ పెద్ద ఊరట అది. అయితే ఆ ఊరట తేలికపాటి వాహనం లైసెన్సు ఉన్నవారికే. బైకుకు మాత్రమే తీసుకుని, ట్రాక్టరు స్టీరింగు పట్టుకున్న డిగ్రీ కుర్రాడికి ఆ తీర్పుతో పనిలేదు.

ఎంతకాలం చెల్లుతుందన్నది కూడా మారింది. 2019 సవరణ తర్వాత, ముప్ఫై నిండనివారికి ఇచ్చే లైసెన్సు నలభై ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. ముప్ఫై నుంచి యాభై లోపు అయితే పదేళ్లు. యాభై నుంచి యాభై అయిదు లోపు అయితే అరవై వచ్చేదాకా. ఆపైన అయిదేళ్లు. గడువు తీరాక నెల రోజుల వెసులుబాటు ఉండేది, అది ఎత్తేశారు. గడువుకు ఏడాది ముందు నుంచి, దాటాక ఏడాది లోపు దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడాది దాటితే మళ్లీ టెస్టే. దరఖాస్తుకు ఏడాది టైముంది కదా అని ఆ ఏడాదంతా బండి నడపవచ్చనుకుంటారు కొందరు. కుదరదు. గడువు తీరిన మర్నాటి నుంచి కొత్తది వచ్చేదాకా ఆ మనిషికి లైసెన్సు లేనట్టే.

సీటు కింద మడిచిపెట్టిన కాగితం

ఈ తేదీల గొడవంతా పోలీసు చలానా కోసమే అయితే ఇంత రాయక్కర్లేదు. లైసెన్సు లేకుండా నడిపితే చట్టంలో జరిమానా 5,000 రూపాయలు. 2019కి ముందు అది 500. కడితే అయిపోతుంది. కట్టినా అయిపోనిది బీమా.

మీ బండి సీటెత్తి, పాలిథీన్ కవరులో మడిచిపెట్టిన బీమా కాగితం తీసి చదవండి. ‘డ్రైవరు’ అన్న పేరా ఒకటి ఉంటుంది. ప్రమాద సమయానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి, లైసెన్సు తీసుకునే అర్హత కోల్పోయి ఉండకూడదు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారు కూడా నడపవచ్చు, కానీ 1989 నియమాల్లోని మూడో నియమం పాటించి ఉండాలి. ఆ మూడో నియమమే ఇందాకటి ఎర్ర ‘ఎల్’, వెనక సీటులో బాబాయి. అంటే ట్రాకు నుంచి ఇంటికి ఒక్కడే వస్తున్న కుర్రాడు ఏ గేదెనో తప్పించబోయి ఎవరినైనా గుద్దితే, బీమా కంపెనీ మొదట తిరగేసేది ఈ పేరానే.

అయితే దెబ్బ తిన్నవాళ్లకు అన్యాయం జరగకూడదు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ విషయం చూసింది. లైసెన్సు లోపం ఉన్నంత మాత్రాన మూడో మనిషికి పరిహారం ఎగ్గొట్టడం కంపెనీకి అంత తేలిక కాదంది. యజమాని తప్పు రుజువైతే కంపెనీ ముందు బాధితులకు కట్టి, ఆ డబ్బు యజమాని దగ్గర రాబట్టుకునే దారి ఉంది. బాధిత కుటుంబానికి ఇది న్యాయం. బండి యజమానికి మాత్రం, అంటే చాలా ఇళ్లలో ఆ కుర్రాడి నాన్నకు, లక్షల్లో తేలే అప్పు. మూడెకరాల మెట్ట, దాని మీద బ్యాంకు లోను ఉన్న ఇంట్లో ఆ మాట ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ఇంకో సంగతి చాలామంది అడగరు. యజమాని కమ్ డ్రైవరుకు 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమాను 2018లో తప్పనిసరి చేశారు. పేరులోనే ఉంది: యజమానే డ్రైవరై ఉండాలి, ఆ యజమానికి లైసెన్సు ఉండాలి. మన పల్లెల్లో బండి ఎవరి పేరు మీద ఉంటుంది? నాన్న పేరు మీద. నాన్నకు లైసెన్సు ఉండదు. నడిపేది కొడుకు, అతను యజమాని కాడు. ప్రీమియం ఏటా కడుతూనే ఉంటారు, ఆ ఇంట్లో ఎవరికీ ఆ 15 లక్షల హక్కు ఉండదు. కొడుకు లైసెన్సు చేతికొచ్చిన వారంలో చేయాల్సిన మొదటి పని స్వీట్లు పంచడం కాదు, బండి ఎవరి పేరున ఉందో చూసుకోవడం.

ట్రాకు మీద లేనివి

ఇక రోడ్డు. టెస్టు ట్రాకు ఎప్పుడూ పట్టపగలే ఉంటుంది. సిమెంటు చదును, ఎదురు వచ్చేవారు లేరు, వెనక హారను లేదు. కళ్ల సంగతికొస్తే, 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు పలక పగటి వెలుతురులో చదవగలవా అని ఫారం-1 అడుగుతుంది, కుర్రాడు టిక్కు పెడతాడు. రాత్రి ఏం కనపడుతుందని ఎవరూ అడగరు.

కురిచేడు, దర్శి, దొనకొండ, వినుకొండ మధ్య రాత్రి ప్రయాణం ఎలా ఉంటుందో తెలిసినవారికి తెలుసు. ముందు ట్రాక్టరు పోతుంటుంది. ట్రాలీకి వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టరు మీద మట్టి పేరుకుని ఉంటుంది. పత్తి లోడయితే రెండు పక్కలా ట్రాలీ దాటి బయటికి ఉబ్బి ఉంటుంది. ఎదురుగా లారీ డిమ్ కొట్టకుండా వస్తుంది. ఆ రెండు మూడు సెకన్లు కళ్లకు ఏమీ కనపడదు. ఆ చీకట్లోనే ట్రాలీ ఉంటుంది. లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16 మీటర్లకు పైనే. మెదడు ‘బ్రేకు’ అనుకుని కాలు కదిలేసరికే ఒక సెకను పోతుంది. ఆపైన బండి ఆగడానికి పొడి రోడ్డు మీదే ఇంకో ఇరవై మీటర్లు కావాలి. మొత్తం నలభై మీటర్ల దగ్గరికొచ్చింది. డిమ్‌లో ఉన్న బైకు లైటు చూపించేదే ఇంచుమించు అంత. ఎదురు లైటు పడినప్పుడు అదీ ఉండదు. కాబట్టి ఎదుటివాడు డిమ్ కొట్టకపోతే మనం కూడా పంతానికి పోయి హైబీమ్ వేయడం కాదు చేయాల్సింది. చూపు ఆ లైట్ల మీద పెట్టకుండా ఎడమ అంచు మీద ఉంచి, యాక్సిలరేటరు వదిలేయాలి. నలభైలోకి రావాలి. 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనలు ఎదురు వాహనం వచ్చినప్పుడు లైటు దించాలనే చెబుతున్నాయి. మన దారుల్లో వాటిని చదివినవారు తక్కువ, పాటించేవారు ఇంకా తక్కువ.

కల్లాల కాలంలో రోడ్డు సగం రైతుది. కందులో, వడ్లో, మొక్కజొన్నో, మిరపకాయలో తారు మీద పరుస్తారు. దాని చుట్టూ బండి ఎక్కకుండా రాళ్లు పేరుస్తారు. సాయంత్రం పంట ఎత్తుకుపోతారు, రాళ్లు అక్కడే ఉంటాయి. తలకాయంత రాయి, తారు రంగులోనే ఉంటుంది. వెలుతురు పోయాక దాన్ని కనిపెట్టడం పాతికేళ్ల అనుభవమున్న లారీ డ్రైవరు వల్ల కూడా కాదు. రైతును తిట్టడం తేలిక. ఆరబెట్టుకోవడానికి కల్లం లేని రైతు ఎక్కడికి పోవాలో చెప్పడమే కష్టం. కానీ ఆ రాళ్లు తీసి పక్కన వేయడానికి ఎంత సేపు పడుతుంది? కొత్తగా బండి ఎక్కినవాడికి ఇది ముందే చెప్పి ఉంచాలి: పొద్దున పంట ఆరబోసి చూసిన చోటల్లా రాత్రి రాళ్లుంటాయి.

తొలకరి పడితే ఇంకో రకం. ఇక్కడ నల్లరేగడి పొలాలు ఎక్కువ. పొలంలోంచి తారెక్కిన ట్రాక్టరు టైర్లు ముద్దలు ముద్దలుగా మట్టి వదులుతూ పోతాయి. వాన తుంపర పడగానే అది గ్రీజులా మారుతుంది. ఎండకు దుమ్ము పేరుకున్న రోడ్డు మొదటి వానకు మరీ జారుతుంది. అలాంటి చోట ముందు బ్రేకు గట్టిగా పట్టిన బండి నిలబడదు. కొత్తవాళ్లు నేర్చుకునేది వెనక బ్రేకు ఒక్కటే. లేదంటే ముందు బ్రేకు ఒక్కటే, అదీ భయంతో ఒక్కసారిగా బిగపట్టడం. రెండూ కలిపి మెల్లగా నొక్కడం ఖాళీ పొలంలోనో, ఆదివారం బడి మైదానంలోనో పదిసార్లు చేసి చూడాలి. ఇప్పటి కొత్త బళ్లలో చిన్నవాటికి రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు, 125 సీసీ పైబడినవాటికి ఏబీఎస్ 2019 నుంచి తప్పనిసరి. కానీ కొత్త లైసెన్సుకు కొత్త బండి వచ్చే ఇళ్లెన్ని? నాన్న పదేళ్లు తొక్కి ఇచ్చిన బండిలో ఇవేవీ ఉండవు.

కాలువల దగ్గర సంగతి 2023లో అందరూ చూశారు. ఆ ఏడాది జులై 11 తెల్లవారకముందే, పొదిలి నుంచి కాకినాడకు పెళ్లివారితో వెళ్తున్న బస్సు దర్శి దగ్గర సాగర్ కాలువలో పడింది. ఏడుగురు చనిపోయారు. ఎదురుగా వస్తున్న వాహనాన్ని తప్పించబోయి పడిందని అప్పుడు చెప్పారు. కొత్త డ్రైవరు కాదు, రోజూ నడిపే మనిషి. కాలువ దగ్గర తప్పించుకోవడానికి పక్క జాగా ఉండదు. ఎదురు బండి వస్తుంటే వంతెనకు ఇవతలే ఆగిపోయి, వాళ్లను రానిచ్చి, అప్పుడు పోవడం అవమానమేమీ కాదు.

మలుపుల దగ్గర సర్కారు తుమ్మ అడ్డంగా పెరిగి అవతలి వైపు కనపడనివ్వదు. సాయంత్రం అయిదు దాటితే గొర్లు, గేదెలు ఇళ్లకు మళ్లుతాయి. గేదె ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుందని లెక్క, ఎప్పుడూ ఒంటరిగా దాటదు. గుంటూరు–నంద్యాల లైను మీద గేటు పడిందంటే బైకుల వాళ్లు కింద నుంచి దూరడం ఇంకా మానలేదు. కోతల రోజుల్లో తెల్లవారుజామున కూలీలతో కిక్కిరిసిన ఆటోలు ఒక పక్కకు ఒరిగి వస్తుంటాయి. వాటికి ఎప్పుడూ కాస్త ఎక్కువ చోటు వదలాలి.

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది పోయారు. వందకు 44 మంది పైగా రెండు చక్రాల మీదివారే. హెల్మెట్టు పెట్టుకోని కారణంగా పోయినవారు 50,029 మంది. ఇవి కేంద్ర రవాణా శాఖ లెక్కలు. పెద్ద అంకెలు మనసుకు పట్టవు, అందుకే ఇక్కడితో ఆపుతాను.

బయట దేశాల్లో మర్నాడు

మన చట్టంలో ఒక వింత ఉంది. లైసెన్సు జారీ కావడానికి ముందు రోజు దాకా ఎర్ర ‘ఎల్’, వెనక మనిషి, ఇంకెవరినీ ఎక్కించుకోకూడదన్న కట్టడి. జారీ అయిన మరుక్షణం నుంచి అర్ధరాత్రి, ఘాట్ రోడ్డు, వెనక స్నేహితుడు, అన్నీ ఒక్కసారిగా అనుమతే. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కడానికైనా, గిద్దలూరు నుంచి నల్లమల దాటి నంద్యాల పోవడానికైనా నిన్న లైసెన్సు వచ్చినవాడికీ ముప్ఫై ఏళ్లుగా నడిపేవాడికీ చట్టంలో తేడా లేదు.

మిగతా చోట్ల ఇలా వదిలేయలేదు. న్యూజిలాండ్ 1987లోనే లైసెన్సును మెట్లు మెట్లుగా ఇవ్వడం మొదలుపెట్టింది. పాసైనవాడికి ముందు పరిమిత లైసెన్సే. రాత్రి పదింటి నుంచి తెల్లవారుజాము అయిదింటి దాకా ఒంటరిగా నడపకూడదు, అనుభవమున్నవారు పక్కన లేకుండా స్నేహితులను ఎక్కించుకోకూడదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు పిల్లల లైసెన్సులకు ఇదే దారి పట్టాయి. అక్కడ పెరిగిన మన తెలుగు పిల్లలను అడిగితే రాత్రి కర్ఫ్యూ గురించి సణుగుతూ చెబుతారు. జర్మనీలో మొదటి రెండేళ్లు పరీక్షాకాలం, పెద్ద తప్పు చేస్తే అది నాలుగేళ్లవుతుంది. బ్రిటన్‌లో 1997 నుంచి, కొత్త డ్రైవరు రెండేళ్ల లోపు ఆరు పాయింట్లు పోగేసుకుంటే లైసెన్సు పోతుంది, మళ్లీ మొదటి నుంచి టెస్టులు రాసుకోవాలి. జపాన్‌లో ఏడాదిపాటు కారుకు పసుపు–పచ్చ ఆకు గుర్తు అంటించుకుని తిరగాలి. దాన్ని చూసి ఎదుటివాళ్లే కాస్త ఎడం ఇస్తారు, ఇవ్వకుండా ఇబ్బంది పెట్టడం అక్కడ నేరం.

వీటన్నిటి వెనకా ఒకటే గ్రహింపు. కొత్త డ్రైవరుకు చేతులు నడపడం నేర్చుకుంటాయి గానీ కళ్లు ఇంకా నేర్చుకోవు. ఎక్కడ ప్రమాదం రాబోతోందో ముందే పసిగట్టడం నెలల తరబడి తిరిగితే వస్తుంది. రాత్రి, పక్కన ఈడు స్నేహితులు, వేగం కలిస్తే ఆ నెలలు గడవకముందే కొంప మునుగుతుంది. మన దేశం 2021లో ఒక అడుగు వేసింది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో కారుకు నాలుగు వారాల్లో 29 గంటలు నేర్చుకుంటే, అందులో 21 గంటలు స్టీరింగు మీదే, ఆర్టీఏ ట్రాకు మీద టెస్టు మళ్లీ అక్కర్లేదంది. మంచిదే. కానీ అదీ లైసెన్సుకు ముందు సంగతే. మనకు దగ్గరలో దర్శిలో డ్రైవింగ్ శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది. లైసెన్సు వచ్చిన ఆరు నెలలకు కొత్తవాళ్లను మళ్లీ పిలిచి, రాత్రిపూట రెండు గంటలు నడిపించి చూసే పని అక్కడ మొదలుపెడితే ఎంత బాగుండునో అనిపిస్తుంది. ఎవరూ మొదలుపెట్టకపోతే ఇంట్లోనే పెట్టుకోవాలి.

కొన్ని ఇళ్లలో ఇప్పటికే అలాంటి కట్టడి ఉంది. మొదటి మూడు నెలలు చీకటి పడ్డాక బండి తియ్యకూడదు. వెనక అమ్మో చెల్లెలో తప్ప స్నేహితుడు ఎక్కకూడదు. ఒంగోలుకో వినుకొండకో ఒక్కడే పోకూడదు, మార్కాపురం దాకా పర్వాలేదు. బండి నడుపుతూ ఫోనెత్తితే తాళం మర్నాడు ఉండదు. ఇవి చట్టంలో లేవు, ఇంటి పెద్దలు గీసిన గీతలు. మగపిల్లవాడికి ఈ గీతలు గీసే అమ్మానాన్నలు తక్కువని ఒప్పుకోవాలి. ఆడపిల్లకు స్కూటీ ఇచ్చేటప్పుడు వంద జాగ్రత్తలు చెప్పేవాళ్లే, కొడుక్కు నూటపాతిక సీసీ బండి ఇచ్చేటప్పుడు ఒక్కటీ చెప్పరు. రోడ్డు మీద ఎక్కువగా పోతున్నది ఎవరో చూశాక కూడా.

జరగరానిది జరిగితే ఏం చేయాలో కూడా ముందే చెప్పి ఉంచాలి. చట్టం ప్రకారం డ్రైవరు దెబ్బ తిన్నవారికి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోగా పోలీసుకు తెలపాలి. గుంపు మీద పడుతుందనే భయం ఉంటే వైద్యం బాధ్యత నుంచి మినహాయింపు ఉందని చట్టమే రాసుకుంది. మన రోడ్లు ఎరిగినవాళ్లే అది రాశారనిపిస్తుంది. అలాంటప్పుడు కూడా 108కి ఫోను చేయడానికి ఎవరూ అడ్డు రారు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల్లోగా లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం వచ్చింది. ఆసుపత్రి వాళ్లను ఆ పేరుతో అడగాలి. దెబ్బ తిన్నవారిని తీసుకెళ్లిన దారిన పోయే మనిషిని కేసుల్లోకి లాగకూడదని 2019 సవరణలో ప్రత్యేకంగా రాశారు.

ఇక చివరి సంగతి తమ్ముడిది. అన్నకు లైసెన్సు వచ్చిన నెలలో ఇంట్లో ఎక్కువ సంబరం తమ్ముడికే. వాడు పదో తరగతో ఇంటరో. పదహారు నిండితే 50 సీసీ లోపు బండికి లైసెన్సు ఇవ్వవచ్చని చట్టం చెబుతుంది గానీ, ఆ సైజు పెట్రోలు బండి షోరూములో వెతికినా దొరకదు. పాలకేంద్రానికి, పొలానికి, కొట్టుకు, "ఈ కాస్తేగా" అంటూ తాళం చేతులు మారుతుంది. తాళం ఇచ్చినందుకు యజమానికి 5,000 జరిమానా ఒకటి. మైనరు వల్ల నేరమైతే అది వేరే లెక్క: తల్లిదండ్రులకో యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషను రద్దు. తెలియకుండా తీసుకుపోయాడని నిరూపించుకోవలసిన భారం కూడా పెద్దవాళ్లదే. తమ్ముడి సంగతి అంతకంటే మొండిగా రాశారు చట్టంలో. అలా నేరం చేస్తే వాడికి పద్దెనిమిది నిండినా ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఇవ్వరు. పాతికేళ్లు నిండేదాకా ఆగాల్సిందే. వాడితో చదివినవాళ్లు డిగ్రీ ముగించి, కారు లైసెన్సు తీసుకుని, ఉద్యోగాలకు పోతుంటే వాడు బస్టాండులో నిలబడి ఉంటాడు.